అత్తగారిని కింద నుంచి ఎందుకు చూపిస్తారు?

మన తెలుగు సీరియళ్ల మీద ఎవరు విమర్శ మొదలుపెట్టినా అది కథ దగ్గర మొదలై కథ దగ్గరే ఆగిపోతుంది. అత్తాకోడళ్ల పోరు, చనిపోయాడనుకున్న భర్త తిరిగి రావడం, ఏళ్ల తరబడి తేలని పెళ్లి. ఈ ఫిర్యాదుల్లో నిజం ఉంది. కానీ అత్తాకోడళ్ల పోరు తక్కువ రకం కథావస్తువు అంటే నేను ఒప్పుకోను. ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు పెత్తనం కోసం, ఒకే మనిషి ప్రేమ కోసం, బీరువా తాళాల కోసం పెనుగులాడటంలో గొప్ప నాటకం ఉంది. అది మన టీవీ తెర మీద నాటకంగా నిలబడటం లేదంటే, నా దృష్టిలో కథకన్నా పెద్ద కారణం కెమెరా. పాత్ర హాల్లోకి అడుగుపెట్టేసరికే ఆమె మంచిదో చెడ్డదో కెమెరా తేల్చేస్తోంది. ఆ తర్వాత రచయిత ఎంత మంచి మాట రాసినా, నటి ఎంత బాగా చేసినా ఆ తీర్పు మారదు.

నేను కొన్నేళ్లు కృష్ణానగర్‌లో సీరియళ్లకు ఎడిటింగ్ చేశాను. షూటింగ్ స్పాట్‌లో ఏం జరిగిందో, ఏం జరగలేదో ఎడిటర్‌కు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ప్రేక్షకులు చూసేది వాడిన ముక్కలే. వాడకుండా పక్కన పెట్టినవి కూడా మేము చూస్తాం. అందుకే ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయాలున్నాయి.

ఒక చిన్న సన్నివేశం తీసుకుందాం. పొద్దున్న వేళ. అత్తగారు హాల్లో సోఫాలో కూర్చుని ఉంది. కోడలు కాఫీ తెచ్చి ఇస్తుంది. అత్తగారు ఒక గుక్క తాగి, "చక్కెర వేయలేదా?" అంటుంది. "మీకు షుగర్ కదా అత్తయ్యా, అందుకే వేయలేదు" అంటుంది కోడలు. అత్తగారు కప్పు బల్ల మీద పెట్టేస్తుంది. అంతే సన్నివేశం.

దీన్ని మనవాళ్లు తీసే పద్ధతి ఇది. మొదట మెట్లతో సహా హాలంతా కనిపించే మాస్టర్ షాట్. ఆ తర్వాత అన్నీ క్లోజప్‌లే. అత్తగారికి కెమెరాను ఆమె కళ్లకన్నా కిందికి దించి, కొంచెం వైడ్ లెన్స్ వేసి దగ్గరగా పెడతారు. గడ్డం, ముక్కు ముందుకొస్తాయి. లైటు ఒక పక్క నుంచే వేస్తారు కాబట్టి సగం ముఖం నీడలో ఉంటుంది. కోడలికి కెమెరా దూరంగా వెళ్లిపోతుంది, దూరంలో ఉన్నదాన్ని పెద్దగా చూపే టెలి లెన్స్ వస్తుంది. ముందు లైటుకు స్కిమ్మర్, అంటే పల్చటి తెల్లగుడ్డ బిగించిన చట్రం, అడ్డం పెట్టి మెత్తబరుస్తారు, జుట్టు మీద బ్యాక్‌లైట్ మెరుస్తుంది. కప్పు బల్ల మీద పెట్టడాన్ని మూడు కోణాల్లో మూడుసార్లు చూపిస్తారు. 2000 తర్వాత హిందీ డైలీ సీరియళ్లలో స్థిరపడి మనకు వచ్చిన అలవాటు అది. చుట్టూ నిలబడ్డ కొడుకు, చిన్న కోడలు, పనమ్మాయి, ఒక్కొక్కరికీ ఒక్కో రియాక్షన్. చివరికి కోడలి తడి కళ్ల మీదికి జూమ్.

ఇప్పుడు ఆ రెండు మాటలను మళ్లీ చదవండి. అత్తగారు దుర్మార్గురాలని వాటిలో ఎక్కడా లేదు. తన జబ్బు గురించి నలుగురిలో అన్నందుకు ఆమె నొచ్చుకుని ఉండవచ్చు. ఇక నుంచి తన కాఫీ ఎలా ఉండాలో కూడా మరొకరు నిర్ణయిస్తారని భయపడి ఉండవచ్చు. కోడలు నిజంగానే ఆమె ఆరోగ్యం కోసం చేసి ఉండవచ్చు. ఆ శ్రద్ధ చాటున ఇంటి పగ్గాలు చేతిలోకి తీసుకుంటూ ఉండనూవచ్చు. రాసిన మాటల్లో ఇన్ని దారులున్నాయి. కెమెరా ఒక్కటి ఉంచి మిగిలినవన్నీ మూసేసింది.

ఇంకో విధంగా తీయవచ్చు. వంటింటి గుమ్మం దగ్గర కోడలి భుజం వెనక కెమెరా ఉంటుంది. అక్కడి నుంచి చూస్తే హాలు చివర సోఫాలో అత్తగారు చిన్నగా కనిపిస్తుంది. కోడలు నడుస్తుంటే మనం ఆమె వెంట నడుస్తాం, ఆ దూరం ఎంతో మనకు తెలుస్తుంది. "చక్కెర వేయలేదా?" అన్న మాట వినిపించేటప్పుడు మనం చూసేది కోడలిని. ఆ ప్రశ్న వస్తుందని ఆమెకు ముందే తెలుసా లేదా అన్నది ఆమె ముఖంలో వెతుక్కుంటాం. తర్వాత అత్తగారి షాట్. ఆమె కూర్చున్న ఎత్తులోనే, టీపాయ్‌కు ఇవతల ఎదురు కుర్చీలో కూర్చున్న మనిషి చూసేంత దూరం నుంచి. కప్పు పెట్టాక కూడా కట్ చేయకుండా ఆమె మీదే మూడు సెకన్లు ఉండాలి. ఆమె ఏమనుకుంటోందో ఆ మూడు సెకన్లూ మనకు తెలియదు, ఆలోచించాల్సి వస్తుంది. పాత్ర పుట్టేది ఆ ఆలోచనలోనే అని నా నమ్మకం.

ఇక్కడ లెన్స్ గురించి ఒక విషయం చెప్పాలి. వైడ్ లెన్స్ ముఖాన్ని వికారం చేస్తుందని, టెలి లెన్స్ అందంగా చూపిస్తుందని అందరూ అనే మాట. నిజానికి ఆ పని చేసేది దూరం. కెమెరా ముఖానికి రెండడుగుల దూరంలో ఉంటే చెవులకన్నా ముక్కు చెప్పుకోదగ్గంత దగ్గరగా ఉంటుంది, అందుకే పెద్దదిగా కనిపిస్తుంది. పదిహేను అడుగుల నుంచి చూస్తే ముక్కుకూ చెవులకూ ఉన్న తేడా లెక్కలోకి రాదు, ముఖం చదునుగా, నునుపుగా అవుతుంది. అంత దూరం నుంచి కూడా ముఖం తెర నిండటానికి టెలి లెన్స్ కావాలి, అంతే. అంటే మన సీరియల్ హీరోయిన్ క్లోజప్‌లన్నీ దూరం నుంచి తీసినవే. తెర నిండా ఆమె ముఖమే ఉంటుంది, కానీ మనం ఆమె దగ్గర లేము. గదికి అవతలి గోడ దగ్గర నిలబడి చూస్తున్నాం. మన కళ్లకు ఈ లెక్క తెలియకపోయినా ఆ దూరం తెలుస్తుంది. రోజుకు అరగంట చొప్పున రెండు మూడేళ్లు ఆమె కన్నీళ్లు చూసి కూడా, ఆమె ఎలాంటి మనిషి అని ఎవరైనా అడిగితే "పాపం, మంచిది" అన్న మాట తప్ప ఇంకేమీ చెప్పలేకపోవడానికి ఇది ఒక కారణం. మనకు నిజంగా దగ్గరగా వచ్చేది విలన్ ఒక్కతే. సీరియళ్లలో అందరికీ గుర్తుండిపోయేవి విలన్ పాత్రలే కావడం నాకు ఆశ్చర్యంగా అనిపించదు.

ఇదంతా చదివి తప్పు కెమెరామన్‌లదని ఎవరూ అనుకోకూడదు. ఆ పని ఎలా జరుగుతుందో చెబుతాను.

డైలీ సీరియల్ అంటే సోమవారం నుంచి శనివారం దాకా రోజుకో ఎపిసోడ్. ప్రకటనలు తీసేస్తే ఇరవై నిమిషాలకు అటూ ఇటూ కథ. అంటే రోజుకు కనీసం ఒక ఎపిసోడ్‌కు సరిపడా తీయాలి. స్టూడియో ఫ్లోరులోనో, షూటింగ్‌లకు అద్దెకిచ్చే ఇంట్లోనో యూనిట్ దిగుతుంది. టైము కలిసి రావాలంటే రెండు మూడు కెమెరాలు ఒకేసారి నడవాలి. రెండు కెమెరాలు ఎదురెదురు ముఖాలను ఒకేసారి తీస్తుంటే, ఒక ముఖానికి పెట్టిన లైటు రెండో కెమెరాకు కనిపిస్తుంది. అందుకని, విడిగా తీసే కొన్ని క్లోజప్‌లు పక్కన పెడితే, లైట్లన్నీ పైకి వెళ్లిపోతాయి, అంతటా సమానంగా పరుచుకుంటాయి. పొద్దున్న, మధ్యాహ్నం, రాత్రి అన్న తేడా పోతుంది. కొన్ని సీరియళ్లలో అర్ధరాత్రి సన్నివేశాన్ని గుర్తుపట్టాలంటే గోడ గడియారం చూడాల్సిందే.

ఈ చదును వెలుతురుకు ఒక చరిత్ర ఉంది. కార్ల్ ఫ్రాయిండ్ అనే గొప్ప కెమెరామన్ 1920లలో జర్మనీ మూకీ చిత్రాలకు పనిచేశాడు. 1924లో తీసిన ఒక చిత్రం కోసం కెమెరాను ఛాతీకి కట్టుకుని మరీ కదిలిన మనిషి. అదే మనిషి 1951లో అమెరికాలో 'ఐ లవ్ లూసీ' అనే హాస్య ధారావాహిక కోసం, ప్రేక్షకులు ఎదురుగా కూర్చుని ఉండగా మూడు ఫిల్మ్ కెమెరాలతో ఒకేసారి తీసే ఏర్పాటు చేశాడు. మూడు కెమెరాలకూ ఒకేలా పనికొచ్చేలా పై నుంచి సమానంగా పడే లైటింగ్ రూపొందించాడు. అది నవ్వుల కథ. ఎదుట కూర్చున్నవాళ్లు నవ్వుతున్న క్షణంలో నటుల ముఖాలు ఏ కోణం నుంచైనా స్పష్టంగా దొరకాలి. అక్కడ ఆ వెలుతురుకు అర్థం ఉంది. మన సీరియల్ సెట్‌లో ఎదురుగా ప్రేక్షకులు లేరు, కథలో నవ్వు లేదు. భర్త మోసం చేశాడని ఇల్లాలికి తెలిసిన రాత్రిని కూడా అదే వెలుతురులో ఎందుకు చూడాలి?

లైటింగ్ గురించి అందరూ మాట్లాడతారు. ప్రాంప్టింగ్ గురించి బయట ఎవరూ పెద్దగా మాట్లాడరు. మన సీరియళ్లలో ప్రధాన పాత్రలు చేసేవాళ్లలో చాలామంది కర్ణాటక నుంచి వచ్చిన నటీనటులు. ఎంతో కష్టపడతారు, కొందరు కొన్ని నెలల్లోనే చక్కగా తెలుగు నేర్చుకుంటారు. ఆ విషయంలో వాళ్లంటే నాకు గౌరవం. కానీ సీన్ పేపర్ చాలాసార్లు షూటింగ్ రోజునే చేతికొస్తుంది. తెలుగు ఇంట్లో పుట్టిన నటికైనా అంతసేపట్లో అంత డైలాగు కంఠతా రాదు. కెమెరా పక్కన నిలబడి అసిస్టెంట్ డైరెక్టర్ ఒక్కో వాక్యం చదువుతాడు, నటి అది విని చెబుతుంది. తర్వాత డబ్బింగ్ థియేటర్‌లో మరొకరు గొంతు ఇస్తారు. ఎడిట్ టేబుల్ మీద నా పని ముఖ్యంగా అసిస్టెంట్ గొంతుకూ నటి గొంతుకూ మధ్య ఉన్న ఖాళీని కత్తిరించడం. వాక్యం అయిపోగానే కట్, ఎదుటి ముఖం. ఆ వాక్యం అయిపోగానే మళ్లీ కట్.

ఆ ఖాళీలను రోజూ చూసేవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. నటి తన తర్వాతి వాక్యం కోసం ఎదురుచూస్తున్నప్పుడు ఆమె కళ్లు ఎదుటి పాత్ర మీదే ఉంటాయి, చెవి మాత్రం ప్రాంప్టర్ వైపు ఉంటుంది. ముఖంలో ఆ సంగతి తెలిసిపోతుంది. ఆ షాట్‌ను ఇంకో రెండు సెకన్లు ఉంచుదామని ఎడిటర్ ఎంత అనుకున్నా ఉంచలేడు. కోడలు అత్తగారి మాట వింటున్నట్టు ఉండదు, ఎవరో ఏదో చెబితే వింటున్నట్టు ఉంటుంది. నాటకంలో సగం ప్రాణం వినేవాళ్ల ముఖంలో ఉంటుంది, ఆ ముఖమే మాకు దొరకదు. ఆ లోటు పూడ్చడానికే విడిగా తీసిన రియాక్షన్‌లు, జూమ్‌లు, తబలా మోతలు వచ్చి పడతాయి. ప్రేక్షకుల చేత తిట్లు తినే ఆ హడావుడి అంతటికీ వెనక, సమయానికి చేరని ఒక కాగితం ఉంది.

ఇంత ఒత్తిడిలో కూడా మంచి కెమెరామన్‌లు తమ ప్రయత్నం మానుకోరు. ఒకసారి నాకు వచ్చిన ఫుటేజీలో వెనక గోడ మీద పడే లైటును నల్లగుడ్డతో ఆపేసి, కిటికీ పక్క నుంచి మాత్రమే వెలుగు రానిచ్చిన సన్నివేశం ఒకటి ఉంది. తల్లీకూతుళ్లు మాట్లాడుకుంటున్నారు. తల్లి ముఖంలో ఒక పక్కే కనిపిస్తుంది. ఆ సీరియల్ మొత్తంలో ఆ తల్లికి ఒక గతం ఉందని నాకు అనిపించింది ఆ రెండు నిమిషాల్లోనే. ఛానల్ నుంచి "ముఖం డల్‌గా ఉంది" అని ఫోన్ వచ్చింది. కలర్ కరెక్షన్‌లో వెలుతురు పెంచేశాం. ఆ తర్వాత ఆ కెమెరామన్ అలాంటి షాట్ మళ్లీ పెట్టలేదు.

దీనికి ఛానల్ వాళ్ల జవాబు నాకు తెలుసు. సీరియల్‌ను జనం చూడరు, వింటారు. వంట చేస్తూ, చిక్కుడుకాయలు ఒలుస్తూ, పిల్లల చేత హోంవర్క్ చేయిస్తూ చెవి ఇటు వేసి ఉంచుతారు. మూడుసార్లు చూపించకపోతే తల తిప్పేలోపు ఆ ముక్క అయిపోతుంది. ఈ వాదనను నేను తేలిగ్గా తీసిపారేయను. పని చేసుకుంటూ కథ వినే ఆడవాళ్ల సమయానికి తగ్గట్టు ఒక కళ తయారైందంటే అందులో తప్పేమీ లేదు. కానీ దిల్‌సుఖ్‌నగర్‌లో మా అమ్మ సీరియల్ పెట్టుకుని కూర గిన్నె ముందేసుకుని కూర్చోవడం ఎన్నోసార్లు గమనించాను. మోత వచ్చిన ప్రతిసారీ ఆమె తలెత్తదు. రోజూ వచ్చే మోతే కదా. గొంతులు ఆగిపోయి గదిలో చప్పుడు లేకుండా పోతే మాత్రం వెంటనే తెర వైపు చూస్తుంది. పనిలో ఉన్న మనిషిని పిలిచే శక్తి నిశ్శబ్దానికి ఉంది. ఆమె తలెత్తినప్పుడు చూడదగ్గ ముఖం ఒకటి అక్కడ ఉంచాలి, మన పని అదే.

తెర చిన్నది కాబట్టి క్లోజప్ తప్పదన్న మాట కూడా ఒకప్పుడు నిజం. రామంతాపూర్ దూరదర్శన్ కేంద్రం నుంచి కార్యక్రమాలు వచ్చిన కాలంలో ఇళ్లలో ఉన్నది గాజు తెర ఉబ్బుగా ఉండే డబ్బా టీవీ. దాంట్లో నలుగురిని ఒకేసారి చూపిస్తే ఎవరెవరో తెలిసేది కాదు. ఇప్పుడు మామూలు మధ్యతరగతి హాల్లో కూడా 43 అంగుళాల టీవీ ఉంది. దాని మీద పూర్తి క్లోజప్ అంటే మన తలకన్నా పెద్ద తల. ఫోనులో చూసేవాళ్ల సంగతేమిటని అడగవచ్చు. ఆరంగుళాల ఫోనును అడ్డంగా తిప్పి అడుగు దూరంలో పట్టుకుంటే, ఏడడుగుల దూరంలో ఉన్న 43 అంగుళాల టీవీ ఎంత వెడల్పు కనిపిస్తుందో దాదాపు అంతే కనిపిస్తుంది. తెరలు మారిపోయాయి. డబ్బా టీవీ కోసం నేర్చుకున్న అలవాటు మారలేదు.

హైదరాబాద్ గురించి నాకు ఇంకా పెద్ద బాధ ఉంది. ఈ సీరియళ్లు దాదాపు అన్నీ ఇక్కడే తయారవుతాయి. అన్నపూర్ణ స్టూడియో, నానక్‌రామ్‌గూడ, రామోజీ ఫిల్మ్ సిటీ, మణికొండ వైపు అద్దె ఇళ్లు. వాటిలో హైదరాబాద్ మాత్రం కనిపించదు. హీరోయిన్ గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తుంది, ఇంటికొస్తే మళ్లీ ఆ రెండు వైపుల మెట్లున్న బంగళాయే. పాత బీటాక్యామ్ వీడియో కెమెరాల రోజుల్లో, కెమెరా లోపల బొమ్మను పట్టే సెన్సర్ చిన్నది కాబట్టి, ముఖంతోపాటు వెనక గోడ మీది క్యాలెండర్, బీరువా, గూట్లో దేవుడి పటం కూడా ఎంతోకొంత స్పష్టంగా ఉండేవి. 2008లో కెనన్ 5డి మార్క్ టూ అనే కెమెరా వచ్చాక పెద్ద సెన్సర్ తక్కువ ఖర్చులో అందరికీ అందింది. వెనకదంతా మసకబార్చడం సులువైంది, అదే రిచ్ లుక్ అయింది. ముఖం తప్ప అంతా మసక. ఆమె ఏ ఇంట్లో ఉందో, ఆ ఇంట్లో ఎన్నేళ్లుగా ఉందో, ఏ వస్తువును ఇష్టంగా కొనుక్కుందో మనకు తెలియదు. అమీర్‌పేటలో మెట్రో పట్టాల ఎత్తుకు సమానంగా ఉన్న ఫ్లాట్ బాల్కనీలో ఒక కోడలు బట్టలు ఆరేస్తోందనుకోండి. రైలు వెళ్లిన ప్రతిసారీ ఆమె ముఖం మీద వెలుగు నీడలు పరుగెడతాయి. రైలు దాటిపోయేదాకా మాట ఆపి, తర్వాత అందుకుంటుంది. భర్తతో గొడవ పడుతున్నా ఆగక తప్పదు. ఆ ఆగడంలోనే ఆమె కోపం ఎలాంటిదో తెలిసిపోతుంది. ఇలాంటిది ఏ రచయితా బల్ల దగ్గర కూర్చుని రాయలేడు. కెమెరా ఆ బాల్కనీకి వెళ్లాలి.

టీవీకి ఇంత శ్రమ దేనికని అనేవాళ్లకు వి.కె. మూర్తి గారిని గుర్తు చేస్తాను. 1959లో మన దేశపు తొలి సినిమాస్కోప్ చిత్రానికి ఛాయాగ్రహణం చేసినవారు, ఫాల్కే పురస్కారం అందుకున్న మొదటి కెమెరామన్. అంత వెడల్పు తెరకు బొమ్మ కట్టిన ఆయనే, తన దగ్గర పని నేర్చుకున్న గోవింద్ నిహలానీతో కలిసి, 1988లో దూరదర్శన్‌లో వచ్చిన 'తమస్' సీరియల్‌కు కెమెరా పట్టారు. అది దేశ విభజన నాటి కథ. మొదట్లో నాథూ అనే మనిషి ఒక్కడే చీకటి గుడిసెలో పందిని చంపలేక అవస్థ పడుతూ ఉంటాడు. ఎవరూ ఏమీ వివరించరు. రాబోయే హింస ఎంత పెద్దదో తెలియకుండానే దానిలో చిక్కుకున్న ఒక అమాయకుడి చెమట మనకు అంటుకుంటుంది. తర్వాత ఊరంతా మండిపోతున్నప్పుడు కూడా మనం వెతికేది నాథూ ముఖాన్నే.

పోలండ్ టెలివిజన్ కోసం 1980ల చివర దర్శకుడు కీష్లోవ్‌స్కీ తీసిన 'డెకలాగ్' సిరీస్‌లో పది భాగాలున్నాయి. పదింటికీ కలిపి తొమ్మిది మంది కెమెరామన్‌లు పనిచేశారు. ఐదో భాగానికి స్వావోమిర్ ఇడ్జాక్ ఆకుపచ్చ ఫిల్టర్లు వాడి, బొమ్మలో కొన్ని మూలలను చీకటి చేశాడు. ఏ కారణమూ లేకుండా ఒక టాక్సీ డ్రైవరును చంపే కుర్రాడి కథ అది. ఆ రోగిష్టి రంగులో వార్సా నగరం చూస్తుంటే, ఆ కుర్రాడిని క్షమించాలని అనిపించదు కానీ, అతనికి కనిపిస్తున్న లోకం మనకూ కనిపిస్తుంది. పాత్రను మంచి చెడ్డల్లో ఒకవైపు నెట్టకుండానే అతని లోపలికి తీసుకెళ్లవచ్చని దీనికన్నా బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

ఈ మధ్య 2025లో వచ్చిన 'అడాలసెన్స్' అనే బ్రిటిష్ సిరీస్‌లో నాలుగు ఎపిసోడ్లూ ఒక్కొక్కటి ఒకే షాట్‌లో తీశారు. మూడో ఎపిసోడ్‌లో ఎక్కువ భాగం ఒకే గది. హత్యానేరం మీద పట్టుబడిన పదమూడేళ్ల కుర్రాడు, అతనితో మాట్లాడటానికి వచ్చిన మనస్తత్వ నిపుణురాలు. కెమెరా వాళ్ల చుట్టూ మెల్లగా తిరుగుతుంది. ఇప్పుడే ముద్దుగా నవ్విన పిల్లవాడు లేచి అరుస్తాడు, కాసేపటికి మళ్లీ మామూలుగా మాట్లాడతాడు. మధ్యలో ఒక్క కట్ ఉన్నా, మంచి పిల్లవాడు ఒకడు, చెడ్డవాడు ఒకడు అని మన మనసు విడదీసుకునేది. కట్ లేదు కాబట్టి ఇద్దరూ ఒక్కడేనని ఒప్పుకోక తప్పదు. మొదట చెప్పిన సన్నివేశంలో అత్తగారి కాఫీ కప్పు దగ్గర నేను అడుగుతున్న మూడు సెకన్లు ఇలాంటివే.

మన దగ్గర అంత డబ్బు, అంత రిహార్సల్ ఎక్కడిదని అంటారు. రోజుకో ఎపిసోడ్ తీసేవాళ్లను నెలల తరబడి సాధన చేయమని నేనూ అడగను. వారానికి ఒక్క సన్నివేశం చాలు. దానికి సీన్ పేపర్ ముందు రోజు సాయంత్రానికే నటుల ఫోనుకు చేరాలి. ఆ ఒక్క సన్నివేశం ప్రాంప్టింగ్ లేకుండా, ఒకే కెమెరాతో, కెమెరామన్ కోరుకున్న లైటింగ్‌లో తీయాలి. మాస్టర్ షాట్, రెండు ముఖాలు, అంతే. జూమ్ అక్కర్లేదు, మూడో రియాక్షన్ అక్కర్లేదు కాబట్టి వాటికి పోయే సమయమే దీనికి సరిపోతుంది. కలర్ కరెక్షన్ బల్ల దగ్గరికి వచ్చాక దాని వెలుతురు పెంచమని ఎవరూ ఫోన్ చేయకూడదు. ఆ వారం రేటింగ్ పడిపోతుందని ఛానళ్లకు భయముంటే శనివారం ఎపిసోడ్‌లో చివరి సన్నివేశంగా పెట్టుకోమనండి, ఆదివారం సీరియల్ రాదు కాబట్టి దాని గురించి ఆలోచించుకోవడానికి చూసినవాళ్లకు ఒక రోజు ఉంటుంది.